నీరు నట్టు కాదు

"ప్రొపెల్లర్ అంటే నీళ్లలో తిరిగే స్క్రూ. చెక్కలో స్క్రూ తిప్పితే ఎలా దిగుతుందో, నీళ్లలో ప్రొపెల్లర్ తిరిగితే పడవ అలా ముందుకు పోతుంది." హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్‌నగర్ కోచింగ్ గదుల్లో బోర్డు మీద కనిపించే మాట ఇది. నారాయణగూడ జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగుతో దొరికే జనరల్ సైన్స్ నోట్సుల్లోనూ ఇదే. విద్యానగర్ ట్యూషన్లలో ఇంటర్ పిల్లలు వల్లె వేసేదీ ఇదే. దీని వెనకాలే ఇంకో మూడు మాటలు వస్తాయి. నీరు మెత్తన కనుక స్క్రూ కొంత జారుతుంది, ఆ జారుడంతా నష్టం. వెనక్కి తోసిన నీరు దాని వెనకున్న నీటికి ఆనుకుని పడవను నెడుతుంది. ఎంత జోరుగా తిప్పితే పడవ అంత జోరుగా పోతుంది. చివర్లో న్యూటన్ మూడో నియమం అని ఒక ముద్ర కొట్టి పేజీ తిప్పేస్తారు.

ఈ నాలుగింటిలో మొదటిది తప్పు. మిగతా మూడూ ఆ తప్పు కన్న పిల్లలు. న్యూటన్ మాత్రం నిర్దోషి. ఆయన్ని అనవసరంగా సాక్షిగా ఈడ్చుకొచ్చారు.

ఎదుటివాళ్ల పక్షం కూడా చెప్పుకోవాలి. ఈ మాట ఊరికే పుట్టలేదు. ప్రొపెల్లర్ రెక్క మెలిక స్క్రూ మర మెలిక లాంటిదే. చిన్న పడవలకు తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు ప్రొపెల్లర్ చూడండి. దానికి రెండు అంకెలు చెబుతారు: ఒకటి వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లో. రెక్క గట్టి పదార్థంలో దిగుతోందనుకుంటే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలో ఆ దూరమే పిచ్. తయారుచేసేవాడే స్క్రూ లెక్క వాడుతుంటే పాఠం చెప్పేవాడు వాడితే తప్పేమిటి? పైగా ప్రొపెల్లర్‌కు తొలి పేటెంట్లు తీసుకున్నవాళ్లలో కొందరు దాన్ని స్క్రూ అనుకునే చేశారు. ఇదీ వాదం. తీసిపారేయదగ్గది కాదు. కానీ రెక్క ఆకారాన్ని కొలవడానికి పనికొచ్చిన లెక్క, ఆ రెక్క పని ఎలా చేస్తుందో చెప్పడానికీ పనికొస్తుందని అనుకున్నారు చూడండి, బోల్తా పడింది అక్కడే.

1. సగం విరిగితే వేగం పెరిగింది

1836లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు ప్రొపెల్లర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడాది స్వీడన్ ఇంజనీరు జాన్ ఎరిక్సన్ కూడా తన పద్ధతికి తీసుకున్నాడు. స్మిత్ చేసింది అచ్చంగా స్క్రూ: కొయ్యతో, రెండు పూర్తి చుట్లతో. 1837లో లండన్ దగ్గర పాడింగ్టన్ కాలువలో దాన్ని పడవకు బిగించి నడుపుతుంటే, నీళ్లలో దేనికో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోలేదు సరికదా, అంతకు ముందుకంటే వేగంగా పోయింది.

స్క్రూ వాదులు ఈ ఒక్క సంఘటనకు జవాబు చెప్పాలి. చెక్కలో దిగే స్క్రూకు ఎన్ని మరలుంటే అంత పట్టు. సగం మరలు ఊడిపోతే పట్టు సగమవ్వాలి. ఇక్కడ జరిగింది దానికి వ్యతిరేకం. ఎందుకంటే నీటిని కదిలించే పని రెక్క మొదటి భాగంలోనే చాలావరకు అయిపోయింది. దాని వెనకున్న రెండో చుట్టు, అప్పటికే వేగం అందుకున్న నీటితో రాసుకుంటూ ఇంజను శక్తి తినడం తప్ప చేసిందేమీ లేదు. ఆ తర్వాత బ్రిటిష్ నౌకాదళం రాట్లర్ అనే ఓడ మీద రకరకాల ప్రొపెల్లర్లు బిగించి, పొడవు కోసుకుంటూ పోయి పరీక్షించింది. పొట్టివే నెగ్గాయి. ఈనాటి ప్రొపెల్లర్ రెక్క ఒక్కొక్కటీ పూర్తి చుట్టులో ఒక ముక్క మాత్రమే. నీటిని పట్టుకోవడమే దాని పనైతే, దాదాపు రెండు శతాబ్దాలుగా ఓడలు కట్టేవాళ్లు ఆ పట్టును కోసి పారేస్తూ వచ్చారన్నమాట. వాళ్లంతా తెలివితక్కువవాళ్లా?

2. కట్టేసిన పడవ

ఇప్పుడు "జారుడంతా నష్టం" అన్న మాట. ఒక లాంచీ ప్రొపెల్లర్ పిచ్ అర మీటరు అనుకోండి. నిమిషానికి 600 చుట్లు తిరుగుతోంది. స్క్రూ లెక్కన నిమిషానికి 300 మీటర్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు పోవాలి. లాంచీ నిజానికి 12.6 కిలోమీటర్లే పోతోంది. తేడా 30 శాతం. దీన్ని స్లిప్ అంటారు. 30 శాతం శక్తి దండగయిందని నోట్సులో రాస్తారు.

అదే లాంచీని రేవు గుంజకు తాడుతో కట్టేసి ఇంజను జోరు పెంచండి. లాంచీ కదలదు. స్లిప్ నూటికి నూరు. వాళ్ల లెక్కన అంతా దండగే, తోపు సున్నా కావాలి. ఏమవుతుంది? తాడు బిర్రుగా లాగి పడుతుంది, తాడు పాతదైతే తెగుతుంది కూడా. మామూలుగా ప్రొపెల్లర్ అత్యధిక బలంతో నెట్టేది పడవ కదలనప్పుడే. విశాఖ లాంటి రేవుల్లో పెద్ద ఓడల్ని లాగే టగ్గుల సత్తాను కొలిచేది సరిగ్గా ఇలాగే: కట్టేసి, లాగించి, ఎన్ని టన్నుల బలమో చూస్తారు. ఇది చూడటానికి విశాఖ దాకా పోనక్కర్లేదు. అశోక్‌నగర్ నుంచి ఇందిరా పార్కు మీదుగా వెళ్తే హుస్సేన్‌సాగర్ ఎంత దూరమని? లుంబినీ పార్కు రేవులో లాంచీ బయల్దేరేటప్పుడు తాడు విప్పకముందు వెనక నీళ్ల మీద కన్నేయండి. పడవ అంగుళం కదలకముందే తెల్లటి నురగతో నీటి ధార వెనక్కి పరుగెత్తుతుంటుంది.

ఇక దీనికి తలకిందులు. ఇంకో బలమైన పడవతో మన లాంచీని సరిగ్గా 18 కిలోమీటర్ల వేగంతో లాగించండి. ప్రొపెల్లర్ అదే 600 చుట్లు తిరుగుతోంది. ఇప్పుడు స్లిప్ సున్నా. స్క్రూ వాదులు కలగనే ఆదర్శ స్థితి ఇదే. అప్పుడు రెక్క నీటిని తన వాలు వెంటే కోసుకుంటూ పోతుంది, నీటికి కొత్తగా వేగమేమీ ఇవ్వదు. తోపు దాదాపుగా లేనట్టే. అంటే జారుడు లేకపోతే తోపే లేదు. నష్టమని మీరు కొట్టేస్తున్నదే పడవను కదిలిస్తున్నది. స్లిప్ విపరీతమైతే డీజిలు దండగవుతుందన్నది నిజం. కానీ ఆ దండగ శాతం, స్లిప్ శాతం ఒకటి కావు. రెండింటినీ ఒకే గాటన కట్టి లెక్క నేర్పడం పిల్లల్ని తప్పుదారి పట్టించడమే.

3. రెక్క ముందువైపు ఏం జరుగుతోంది?

స్క్రూ మర ఒకవైపే చెక్కకు ఆనుకుని నెడుతుంది. రెండో వైపు ఖాళీ. ప్రొపెల్లర్ కూడా అంతే, వెనకవైపు ముఖంతో నీటిని తోస్తుందని నమ్మకం. మరమ్మతుకు వచ్చిన పాత కంచు ప్రొపెల్లర్‌ను దగ్గర్నుంచి చూసినవాళ్లకు ఈ నమ్మకం నిలవదు. వెనకవైపు ముఖం, అంటే "తోసే" ముఖం, తరచు నున్నగానే ఉంటుంది. ముందువైపు, కొసలకు దగ్గరగా, లోహం తినేసినట్టు గరుకుగా ఉంటుంది. వేలు పెట్టి రాస్తే గోటికి తగిలే గుంటలు. కొన్నిచోట్ల అంచే కొరికేసినట్టు పోయి ఉంటుంది. నెట్టేది వెనకవైపే అయితే దెబ్బ ముందువైపు ఎలా పడింది?

రెక్క నీటిని వెనక్కి నెట్టడమే కాదు, ముందునుంచి లాక్కుంటుంది కూడా. ముందువైపు పీడనం పడిపోతుంది, వెనకవైపు పెరుగుతుంది. ఆ తేడాయే తోపు. చాలా ప్రొపెల్లర్లలో ముందువైపు తగ్గుదల వాటాయే పెద్దది. పీడనం మరీ పడిపోతే నీరు చల్లగా ఉండగానే మరిగి ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు పీడనం ఎక్కువున్న చోటికి జరిగి చటుక్కున కూలిపోతాయి. ఒక్కో కూలుడూ లోహం మీద చిన్న సుత్తి దెబ్బే. దీన్నే కావిటేషన్ అంటారు. గోటికి తగిలిన గుంటలు దాని గుర్తులు.

1865లో స్కాట్లండు ఇంజనీరు రాంకిన్, ఆ తర్వాత ఇంగ్లండులో ఫ్రూడ్ తండ్రీకొడుకులు ఈ లెక్కను ఒక దారికి తెచ్చారు. వాళ్ల సిద్ధాంతంలో బయటపడ్డ సంగతి ఒకటి నాకు ఎప్పటికీ ముచ్చటే. ప్రొపెల్లర్ నీటికి మొత్తం ఎంత వేగం కలుపుతుందో, అందులో సగం ఆ నీరు ప్రొపెల్లర్‌ను చేరకముందే వచ్చేస్తుంది. రెక్క తాకకముందే నీరు కదలడం మొదలెడుతుంది! చెక్కకు స్క్రూ వస్తోందని ముందే తెలిసి పక్కకు జరగడం ఎప్పుడైనా చూశారా? మీ గదిలో సీలింగ్ ఫ్యాన్ ఇంతకంటే మంచి పోలిక. పైనుంచి గాలి లాక్కుని కిందికి విసురుతుంది, ఆ మేరకు కొక్కెం మీద బరువు తగ్గుతుంది. అది గాలిలో మర బిగించుకుంటూ పైకెక్కుతోందని ఎవరూ అనరు.

కాస్త తెలివైన మాస్టార్లు స్క్రూను వదిలేసి ఇంకో కథ ఎత్తుకుంటారు. రెక్క ఒకవైపు ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక అటు నీటికి దూరం ఎక్కువ, రెండు వైపుల నీరూ ఒకేసారి చివర కలుసుకోవాలి కనుక ఉబ్బెత్తు వైపు వేగంగా పోవాలి, అందుకే పీడనం తగ్గుతుందట. విమానం రెక్క పాఠం నుంచి ఎత్తిన కథ ఇది, అక్కడా తప్పే. విడిపోయిన రెండు నీటిబొట్లు మళ్లీ కలుసుకోవాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. లాంచీ సరంగు రివర్స్ వేస్తే అదే రెక్క, ఉబ్బు తప్పువైపు ఉన్నా, పడవను వెనక్కి లాగుతుంది. తోపు కాస్త తగ్గుతుంది, అంతే. ఈ కథకు ఇంతకంటే సిరా ఖర్చు అనవసరం.

4. న్యూటన్‌ను వదిలిపెట్టండి

మూడో నియమం తప్పు కాదు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియకపోవడమే తప్పు. "వెనక్కి తోసిన నీరు వెనకున్న నీటికి ఆనుకుని పడవను నెడుతుంది" అంటే చర్య ఎవరిది, ప్రతిచర్య ఎవరి మీద? రెక్క నీటిని నెట్టింది, నీరు రెక్కను నెట్టింది. అక్కడితో ఆ జంట పూర్తయింది. మధ్యలో మూడో మనిషి అక్కర్లేదు. విసిరిన నీరు ఆ తర్వాత దేనికి తగిలినా, తగలకపోయినా పడవకు సంబంధం లేదు. ఋజువు కావాలా? నీటి స్కూటర్లు చూడండి, వేగంగా పోయే కొన్ని ఫెర్రీలు చూడండి. లోపల పంపుతో నీటిని పీల్చి, నీటిమట్టానికి పైన, గాలిలోకి చిమ్ముతాయి. ఆనుకోవడానికి వెనక నీరే లేదు. అయినా దూసుకుపోతాయి.

ఇంకో మాట. పాఠాల్లో "నీరు పడవను నెడుతుంది" అని ఊరుకుంటారు. ఎక్కడ నెడుతుంది? నీరు నెట్టేది రెక్కను. రెక్క షాఫ్టును నెడుతుంది. షాఫ్టు పొడవునా ఆ బలం లోపలికి పోయి, థ్రస్ట్ బేరింగ్ అనే చోట పడవ దేహానికి అందుతుంది. చిన్న లాంచీల్లో అది గేర్‌బాక్సులోనే ఉంటుంది, ఓడల్లో విడిగా పెద్ద దిమ్మలా కనిపిస్తుంది. ఆ బేరింగ్ అరిగితే షాఫ్టు ముందుకు జరిగి గేరునో ఇంజనునో పొడుస్తుంది. ఓడంతా ముందుకు పోయేది ఆ ఒక్కచోట పడే నెట్టుడు మీదే. ఇంత ముఖ్యమైన భాగం పేరు ఏ నోట్సులోనూ నాకు కనబడలేదు.

5. జోరుగా తిప్పితే జోరుగా పోదు

తోపు అంటే సెకనుకు ఎంత నీటిని పట్టి, దానికి ఎంత వేగం కలిపారో ఆ రెంటి లబ్ధం. సెకనుకు 1,000 కిలోల నీటికి సెకనుకు 2 మీటర్ల వేగం కలిపితే 2,000 న్యూటన్ల తోపు. 500 కిలోలకు 4 మీటర్లు కలిపినా అంతే తోపు. రెండూ సమానమేనా? కాదు. మొదటి పద్ధతిలో వెనక నీటిలో మిగిలిపోయే చలనశక్తి సెకనుకు 2,000 జౌళ్లు. రెండో దాంట్లో 4,000. పడవకు అందింది ఒకటే, నీళ్లపాలయింది రెట్టింపు. అందుకే ఎక్కువ నీటిని పట్టి మెల్లగా నెట్టడం లాభం, కొద్ది నీటిని పట్టి విసిరికొట్టడం దండగ. 2006లో నీళ్లలోకి దిగిన ఎమ్మా మేర్స్క్ కంటెయినర్ ఓడ ప్రొపెల్లర్ వ్యాసం 9.6 మీటర్లు, బరువు 131 టన్నులు. అది తిరిగేది నిమిషానికి సుమారు 100 చుట్లే. జోరే గొప్పయితే ఆ కంపెనీ అంత కంచు ఎందుకు పోతపోయించినట్టు?

జోరును నమ్ముకుని దెబ్బతిన్నవాడూ ఉన్నాడు, మామూలు మనిషి కాదు. ఆవిరి టర్బైన్ కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ 1894లో టర్బీనియా అనే చిన్న ఓడ కట్టాడు. ఇంజను అద్భుతం, ఓడ మాత్రం అనుకున్న వేగం దరిదాపులకు రాలేదు. ప్రొపెల్లర్ అతివేగంగా తిరిగి తన చుట్టూ ఆవిరి బుడగలే నింపుకుంటోంది. నెట్టడానికి రెక్కకు నీరు అందడం లేదు. పార్సన్స్ చిన్న తొట్టి కట్టి, బుడగలు కళ్లారా చూసి, చివరికి మూడు షాఫ్టులు, ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టాడు. 1897లో అదే ఓడ 34 నాట్ల దాకా పరుగెత్తి, బ్రిటిష్ నౌకాదళ కవాతు మధ్యలో దూరి అందరినీ నోరెళ్లబెట్టించింది. ఆయన తొట్టికి వారసులే నేటి కావిటేషన్ టన్నెళ్లు. విశాఖలో 1969లో పెట్టిన నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబరేటరీలో అలాంటిది ఉంది. వరుణాస్త్ర టార్పెడోకు రూపమిచ్చింది ఆ సంస్థే. జలాంతర్గామికి బుడగల చప్పుడు ప్రాణాంతకం, శత్రువు చెవికి మొదట అందేది అదే. దాని ప్రొపెల్లర్ పెద్దగా ఉండి నెమ్మదిగా తిరిగేది అందుకే.

6. గోదావరికి ఈ పాఠం తెలియదు

తప్పు పాఠంతో ఏమిటి నష్టమని అడిగేవాళ్ల కోసం గోదావరి దాకా పోదాం. పాపికొండలకు దేవీపట్నం వైపు నుంచి పోయే లాంచీ ప్రవాహానికి ఎదురెక్కుతుంది. నిలకడ నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోయే లాంచీ, 5 కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురుగా ఒడ్డు లెక్కన 7 పోతుంది, తిరుగు ప్రయాణంలో 17. ప్రొపెల్లర్‌కు మాత్రం రెండూ ఒకటే. దానికి ఒడ్డు తెలియదు, తన చుట్టూ ఉన్న నీరే తెలుసు. వరదలో ఆ నీరే 12 కిలోమీటర్ల వేగంతో దిగివస్తే? ఇంజను పూర్తి జోరులో ఉంటుంది, ప్రొపెల్లర్ చక్కగా నెడుతుంటుంది, పడవ ఉన్నచోటే ఉంటుంది. స్క్రూ పాఠం చదివినవాడికి ఇది అంతుపట్టదు. స్క్రూ తిరుగుతోంది కదా, దిగాలి కదా అనుకుంటాడు.

2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పడవ మునిగింది. ఎందరో ప్రాణాలు పోయాయి. దాని కారణాలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. ఆ రోజుల్లో ఇక్కడి టీ కొట్ల దగ్గర వినబడిన ఒక మాటకు మాత్రం జవాబు చెప్పాలి: "ఇంకా పెద్ద ఇంజను పెట్టుకుంటే సరిపోయేది." నీటి నిరోధం సుమారుగా వేగం వర్గంతో పెరుగుతుంది, కావలసిన శక్తి వేగం ఘనంతో. ఇంజను శక్తి రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు, 26 శాతం పెరుగుతుంది. 12 కాస్తా 15 అవుతుంది. ఆ మూడు కిలోమీటర్ల ధీమాతో వరదలోకి దిగేవాణ్ని ఏ న్యూటనూ కాపాడలేడు.

చుక్కాని సంగతీ ఇదే. ప్రొపెల్లర్ విసిరే ధార చుక్కాని మీద పడుతుంటేనే పడవ చెప్పినట్టు తిరుగుతుంది. ప్రవాహంతో పాటు దిగువకు పోతూ "ఎలాగూ కొట్టుకుపోతున్నాం కదా" అని ఇంజను ఆపేస్తే, పడవా నీరూ ఒకే వేగంతో కదులుతాయి. చుక్కాని దాటి పోయే నీరే ఉండదు. ఒడ్డు లెక్కన పడవ పరుగెడుతూనే ఉంటుంది, సరంగు చేతిలో మాత్రం పట్టు ఉండదు. అనుభవమున్న సరంగుకు ఇది చేత్తో తెలుసు. పడవ ఎక్కేవాళ్లకు, పడవలకు అనుమతులిచ్చేవాళ్లకు తెలియదు.

7. "పరీక్షకు ఇది చాలు"

చివరికి ఎదురయ్యే జవాబు ఇదే. ఒక మార్కు ప్రశ్నకు ఇంత గొడవ ఎందుకు, పిల్లలకు గుర్తుండేలా చెబితే చాలదా అని. చాలదు. సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున సీటు దొరకబుచ్చుకుని రాత్రి దాకా కూర్చునే ఈ పిల్లల్లోంచే తహసీల్దార్లు, ఆర్డీవోలు వస్తారు. రేపు వరద రోజున రేవులో నిలబడి పడవ వదలాలా వద్దా అని సంతకం పెట్టేది వీళ్లే. "ఇంజను కండిషన్ బాగుంది సార్" అని ఎవరో అంటే, బాగున్న ఇంజను ఎందుకు చాలదో తెలిసుండాలి. ఇక గుర్తుండటం అంటారా, తప్పు మరీ బాగా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల కిందట నేర్చిన స్క్రూను ఇప్పటికీ ఒప్పజెప్పే ఉద్యోగులు విద్యానగర్‌లోనే బోలెడుమంది.

సరైన పాఠం పొడుగూ కాదు, కష్టమూ కాదు: ప్రొపెల్లర్ ముందున్న నీటిని లాక్కుని, వేగం కలిపి వెనక్కి పంపుతుంది, ఆ వేగం కలపడానికి పట్టిన బలమే షాఫ్టు మీదుగా పడవకు చేరుతుంది. స్క్రూ పాఠానికి పట్టినంత చోటే దీనికీ చాలు. అశోక్‌నగర్ మాస్టార్లకు నా విన్నపం ఒక్కటే. కొత్త బ్యాచ్ మొదలయ్యేలోగా ఆ స్క్రూ బొమ్మ కొట్టేయండి, పాత నోట్సును మళ్లీ జిరాక్సుకు పంపకండి.